కడ్డీకి కట్టిన పీలిక

పొద్దున్నే లాండ్రీ తలుపు తీసేది అక్కే. తాళం తీసి, లైట్లు వేసి, కోటు తొడుక్కుని, ముందు రోలరు దగ్గరికి వెళ్ళేది. ఆస్పత్రి మంచాల మీద పరిచే తెల్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. వెనక గదిలో ఉతుకుతారు, పిండుతారు, ఆ తడి దుప్పట్లు తోపుడు బండ్లలో ఈ హాల్లోకి వస్తాయి. హాలు మధ్యలో రోలరు. మనిషి నడుమంత లావుంటుంది, లోపలంతా ఆవిరి. ముందు ఇద్దరు నిలబడి దుప్పటి అంచు అందిస్తారు, అది లాక్కుంటుంది, అవతలి పక్కనుంచి దుప్పటి పొడిగా, కాగితంలాగా బయటికొస్తుంది. అవతల నిలబడి మడతలు పెట్టేది అత్త.

అత్తంటే ఎవరికీ సొంత అత్త కాదు, అందరికీ అత్తే. స్టూలెక్కి మడతపెట్టేది. కింద నిలబడితే బల్ల అంచు ఆమె గడ్డానికి తగిలేది మరి. పాత సూపర్‌వైజరు ఉన్నన్నాళ్ళలో అంత తగ్గిపోయింది మనిషి.

తగ్గటం సంగతి అందరికీ తెలిసిందే కదా. తప్పు చేసినవాళ్ళకి ఆ తప్పు మొహాన చెప్తే తగ్గుతారు. పక్కకి పిలిచి మెల్లిగా చెప్తే గోరంత. నలుగురిలో నిలబెట్టి అరిస్తే వేలెడు, ఒక్కోసారి బెత్తెడు. ఏ ఆఫీసులోనైనా, ఏ కొట్లోనైనా అంతే. చెప్పింది నిజమైతేనే సుమా. చెయ్యని తప్పు అంటగడితే వెంట్రుకంత కూడా తగ్గరు. ఇళ్ళల్లో కోపం మీద సగం అబద్ధం కలిపి తిట్టుకుంటారు గనక ఇళ్ళల్లో మనుషులు పెద్దగా తగ్గరు. పొగిడితే పెరుగుతారా అంటే, అలా పెరిగినవాణ్ణి ఎవరూ చూళ్ళేదు. ఆ లాండ్రీ మేనేజరు మాత్రం గుమ్మంలో తల వంచుకుని లోపలికి రావాల్సిందే. ఆయన తప్పు ఆయనకి చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

లాండ్రీ ఎదురుగా సందు మొదట్లో ఒక దర్జీ ఉండేవాడు. అంచులు మడిచి కుట్టటమే అతని పని. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్ళు కోటు చేతులు వేళ్ళ మీదికి జారుతుంటే నేరుగా అతని దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఎంత తగ్గారని అతను అడిగేవాడు కాదు, వాళ్ళు చెప్పేవాళ్ళు కాదు. టేపు పెట్టేవాడు, సుద్ద గీసేవాడు.

ఆ పాత సూపర్‌వైజరుని అందరూ మైకు అనేవాళ్ళు. గొంతు అలాంటిది. దుప్పట్ల బండి మీదికెక్కి నిలబడి, మిషన్లు ఆపించి, "ఈ మరక చూడండి! ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలుసా?" అని దుప్పటి జెండాలాగా ఊపేవాడు. అబద్ధం చెప్పేవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. మరక నిజంగానే ఉండేది, ఆ మనిషి నిజంగానే చూసుకోకుండా వదిలేసేది.

ఆ చేతుల్లో ఎక్కువసార్లు అక్కావాళ్ళమ్మ చేతులు ఉండేవి. ఆమెకి చూపు ఆనేది కాదు. అద్దాలు పెట్టుకోవమ్మా అంటే అద్దాలకి ఆవిరి పడుతుంది అనేది. మరకలు వదిలేసేది, మైకు బండెక్కేవాడు. ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. మొదట చొక్కా చేతులు మడిచింది, తర్వాత పిల్లల చెప్పులు కొనుక్కుంది, ఆ తర్వాత మెట్లు ఎక్కలేకపోయింది. చివరికి కూతుళ్ళే ఎత్తుకుని తీసుకురావాల్సి వచ్చేది. అక్క చంకనేసుకుని వచ్చేది, దారంతా అమ్మ కబుర్లు చెప్తూనే ఉండేది. చెల్లెలి వంతు వచ్చిన రోజు మాత్రం గుడ్డసంచిలో కూర్చోబెట్టి తెచ్చేది. ఎండ తగలకుండా అనేది. ఆ సంచిలోంచి అమ్మ మాట బయటికి వినిపించేది కాదు.

అలాగే ఒకరోజు దిండు మీద పడుకోబెడితే, దిండులో సగం కూడా లేదు ఆ తల్లి. ఊపిరి పోయిందో ఉందో చూడటానికి అక్క చెవి ఆనించాల్సి వచ్చింది. పోయింది.

ఆ రోజే అక్క అనుకుంది, తన నోటితో ఎవరి తప్పూ ఎవరికీ చెప్పకూడదని.

మైకు రిటైరై వెళ్ళాక సూపర్‌వైజరు కోటు అక్కకే ఇచ్చారు. అందరికీ పండగలాగుంది. అక్క ఎవర్నీ ఏమీ అనేది కాదు. మడత వంకరగా పెడితే, ఆ మనిషి టీకి వెళ్ళినప్పుడు చప్పుడు కాకుండా తను విప్పి మళ్ళీ పెట్టేది. పిల్లల వార్డు దుప్పట్లు ఆపరేషను గది దుప్పట్లతో కలిపేస్తే, సాయంత్రం ఒక్కతే కూర్చుని విడదీసేది. మరకలున్నవి తనే చేత్తో రుద్దేది. వేళ్ళు సోడాకి పగిలిపోయాయి.

దర్జీ ఒకరోజు దారికి అడ్డం వచ్చి, "అమ్మా, నువ్వొచ్చి నా పొట్ట కొట్టావు. ఒక్కడి ప్యాంటు కూడా కింద ఈడవట్లేదు" అన్నాడు.

అక్క నవ్వింది. ఆమె నవ్వటం అరుదు.

చెప్పేవాళ్ళు లేకపోతే తెలిసేదెట్లా? తప్పులు పెరిగాయి. తడి ఆరని దుప్పట్లు మూటల్లోకి వెళ్ళి ముక్క వాసన కొట్టాయి. ఆస్పత్రివాళ్ళు తిప్పి పంపారు. మేనేజరు అక్కని పిలిచి, "ఇదంతా నీ చేతకానితనం. మరకలు నువ్వే చూసుకోలేదు, మూటలు నువ్వే తడిగా కట్టావు" అన్నాడు. "నాదే సార్" అంది. ఆ తప్పులు ఆమెవి కావు గదా, వెంట్రుకంత కూడా తగ్గలేదు. గుమ్మం దాటి వచ్చి తన కోటు చేతులు చూసుకుంది. ఎక్కడివక్కడే ఉన్నాయి. దాంతో తను చేసేది సరైన పనే అని గట్టిగా నమ్మేసింది పాపం.

ఇక చెల్లెలి సంగతి. చెల్లెలు రోలరు ముందు పనిచేసేది. చురుకైన పిల్ల, చేతులు ఆగేవి కావు. తన చేతినుంచి వెళ్ళిన దుప్పటికి ఒక్క ముడత ఉండకూడదని పట్టుదల. దుప్పటి లోపలికి పోతుంటే ఆఖరి క్షణంలో అరచెయ్యి చాపి, ముడత పక్కకి తోసేసేది. రోలరు ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలిందంటే మిషను టక్కున ఆగిపోతుంది. చెయ్యి లోపలికి పోకుండా పెట్టిన కడ్డీ అది. చెల్లెలు ముడత తోసినప్పుడల్లా మోచెయ్యి తగిలి మిషను ఆగేది. చిరాకేసింది. చిరిగిన దుప్పటినుంచి ఒక పీలిక చింపి, కడ్డీని పైకెత్తి కట్టేసింది. ఇక మోచెయ్యి తగల్లేదు, మిషను ఆగలేదు.

అక్క చూసింది. చూసి, సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ ముడి విప్పేసింది. పొద్దున చెల్లెలు మళ్ళీ కట్టింది. సాయంత్రం అక్క మళ్ళీ విప్పింది. అదే వరస. ఒకామె కట్టటం, ఒకామె విప్పటం. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కంచం ముందు కూర్చుంటారు, ఆ పీలిక గురించి మాత్రం మాట లేదు.

ఒక పూట అన్నం తింటూ చెల్లెలే ఎత్తింది. "అక్కా, ఎవరో నా ముడి రోజూ విప్పేస్తున్నారే. ఆ ఊడ్చే ఆవిడే అయ్యుంటుంది. ఏం పనీ లేదు కాబోలు."

అక్క చేతిలో ముద్ద అక్కడే ఆగింది. చెప్పటానికి అంతకన్నా మంచి సందు దొరకదు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. వినేవాళ్ళు లేరు. నోరు తెరిచింది.

"ఊ. అలాగా" అంది.

ఎందుకు చెప్పలేదంటే, వ్యాను. ఆస్పత్రికి దుప్పట్లు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు ముసలాడైపోయాడు, నెలాఖరుకి మానేస్తున్నాడు. లైసెన్సు తెచ్చుకుంటే వ్యాను చెల్లెలికే ఇస్తానన్నాడు మేనేజరు. ఆ ముసలి డ్రైవరు దగ్గరే నేర్చుకుంది. ఆవిరిలోంచి బయటపడి, కిటికీ అద్దం దించుకుని, రోడ్డు మీద గాలి తగులుతుంటే బండి నడపాలని ఆ పిల్ల కల. నిద్రలో కూడా కుడికాలు నొక్కేది. పుట్టుకతోనే పొట్టి మనిషి. సీటు పూర్తిగా ముందుకి లాగి, వీపు వెనక దిండు పెట్టుకుంటే కాలి మునివేళ్ళు పెడలుకి అందుతాయి. అందీ అందనట్టు, అంతే. టెస్టు వచ్చే సోమవారం.

చెప్తే తగ్గుతుంది. గోరంత తగ్గినా కాలు అందదు. సోమవారం గడిస్తే రోలరు వదిలేసి వ్యాను ఎక్కేస్తుంది, ముడి గొడవే ఉండదు. ఇదీ అక్క లెక్క.

అత్త ఊరుకోలేదు. స్టూలు మీదనుంచే అక్క కోటు పట్టుకుని లాగింది.

"ఏమే, నీకు కళ్ళున్నాయా? ఆ పీలిక కనపడట్లా?"

"కనపడుతోందత్తా."

"మరి చెప్పవేం? ఆ చెయ్యి ఏదో ఒకరోజు దుప్పటితోపాటు పోతుంది. పక్కకి పిలువు. ముడి చూపించు. 'ఇది కడితే ఇక్కడ ఆగదు, చెయ్యి పోతుంది' అను. అరవక్కర్లా, తిట్టక్కర్లా. దానికంత సేపు పడుతుందా?"

"సోమవారం దాటనీ అత్తా."

"నీకు నోరు రాకపోతే నేను చెప్తా పో."

అక్క గబుక్కున అత్త రెండు చేతులూ పట్టుకుంది. "వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా. దాని కాలు అందదత్తా."

"నా కాళ్ళు పట్టుకోవాలంటే నువ్వు కింద కూర్చోవాలే" అంది అత్త. ఆవిడ నోరు ఎప్పుడూ అంతే. "నన్ను చూడు. ఇంత తగ్గాను. మనవరాలి గౌన్లు నాకు సరిపోతున్నాయి, బట్టల ఖర్చు తప్పింది. మైకు అరిచాడని మాత్రం కాదే నేను ఏడ్చింది. అరవకుండా చెప్పినా మారేదాన్ని కదా అని ఏడ్చాను. అసలు చెప్పకపోతే ఏమయ్యేదాన్నో నాకు తెలీదు."

అక్క చేతులు వదల్లేదు. అత్త విసుక్కుని, సరేలెమ్మని ఊరుకుంది.

శుక్రవారం. భోజనాలకి ముందు. ఆపరేషను గది దుప్పట్లు తొందరగా కావాలని ఆస్పత్రినుంచి ఫోను వచ్చింది. అక్క గోడ దగ్గర నిలబడి ఎవరిదో వంకర మడత విప్పి సరిచేస్తోంది. చెల్లెలి పక్కన నిలబడే మనిషి ఇంకో బండి తేవటానికి వెళ్ళింది. చెల్లెలు ఒక్కతే ఒక దుప్పటి అందించింది, అంచున ముడత కనపడింది, చెయ్యి చాపింది. కోటు చెయ్యి గుండీ ఊడి వేలాడుతోంది ఆ రోజు. అది దుప్పటి మడతలో చిక్కుకుంది. రోలరు లాక్కుంది.

ఎప్పుడైనా ఒక మనిషి కేక వింటే ఎవరిదో తెలిసిపోతుంది కదా. అక్క తిరిగి చూసేసరికి చెల్లెలి చెయ్యి మణికట్టు దాకా లోపలుంది. కడ్డీ పైకి కట్టేసి ఉంది, ముడి విప్పేంత వ్యవధి లేదు. ఆపే మెయిన్ స్విచ్ హాలు అవతలి చివర ఉంది. ఉతికే గదిలోంచి ఒకావిడ అటు పరిగెత్తుతోంది. దార్లో బండ్లు అడ్డం. ఆవిడ చేరేలోగా భుజం పోతుంది, భుజం తర్వాత తల ఉంది.

స్విచ్చి దూరం. నోరు దగ్గర.

అక్క అరిచింది. ఎన్నేళ్ళుగానో ఎవరూ వినని గొంతు.

"ఆ కడ్డీ ఎందుకు కట్టావే! చెయ్యి పోకుండా పెట్టింది నువ్వు కట్టేశావు! ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ కట్టావు!"

చెల్లెలు తగ్గింది. భుజాలు కోటులోకి దిగాయి. చెయ్యి సన్నబడింది, కానీ ఊడి రాలేదు. రోలరు ఇంకా లాగుతూనే ఉంది.

"గుండీ ఊడిన కోటుతో మిషను ముందు నిలబడ్డావు! ముడత పోతే పోయింది, నీ గొప్ప కోసం చెయ్యి పెట్టావు!"

ఇంకా తగ్గింది. బల్ల అంచుకి గడ్డం ఆనింది. మోచెయ్యి లోపలికి పోయింది. చాల్లేదు. పనిలో తప్పులు అయిపోయాయి అక్క దగ్గర. మంచి పనిమంతురాలు ఆ పిల్ల, ఇంకేముంటాయి? అబద్ధం చెప్తే తగ్గదు. నిజమే కావాలి. అక్క ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగటం చూసినవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేరు. తర్వాత, తన కడుపులో అన్నిటికన్నా అడుగున దాచుకున్నది బయటికి తీసింది.

"అమ్మని సంచిలో పెట్టి మోశావు! ఎండ కోసం కాదు. నలుగురూ చూస్తే నీకు సిగ్గు! అమ్మకి తెలుసే! సంచిలో కూర్చుని ఏడ్చేది!"

రోలరు చప్పుడొక్కటే.

చెల్లెలు కనపడలేదు. కోటు ఖాళీ అయి, దుప్పటి వెనకాలే రోలరు కిందికి జరజరా వెళ్ళిపోయింది. అవతలి పక్కకి చూడటానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. అవతల నిలబడింది అత్త. ఆవిడ కళ్ళు మూసుకుంది. కోటు బయటికొచ్చింది. చేతులూ, జేబులూ, కాలరూ అన్నీ అణిగిపోయి, ఆవిరి చిమ్ముతూ, ఒక్క ముడత లేకుండా. తెల్లగా ఉంది. ఎక్కడా రక్తం లేదు.

అప్పుడు మిషను ఆగింది. స్విచ్చి దగ్గరికి అప్పటికి చేరింది ఉతికే గది ఆవిడ.

రోలరు ముందు, బల్ల కింద, జారిపడ్డ తడి దుప్పటి కుప్పలో ఏదో కదిలింది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి తీసింది. చెల్లెలు ఉంది. చెయ్యి ఎర్రగా కాలింది, వేళ్ళు బొబ్బలెక్కాయి. అన్ని వేళ్ళూ ఉన్నాయి. మనిషి మొత్తం నడవటం నేర్చుకునే బిడ్డంత ఉంది. ఏడవట్లేదు. అక్క మొహంలోకి అలా చూస్తోంది.

సోమవారం వచ్చింది, వెళ్ళింది. వ్యాను కొత్త డ్రైవరుకి ఇచ్చారు. పొడుగు మనిషి, ఎవరింట్లో ఎలా పెరిగాడో మరి.

చెయ్యి మానాక చెల్లెలు మళ్ళీ పనికి వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుంది? అత్త పక్కన బల్ల మీదే కూర్చుని దిండు గలేబులు మడిచేది. అత్త తన స్టూలు ఇస్తానంది, స్టూలు మీద నిలబడ్డా బల్ల అందలేదు. ఇప్పుడు అక్క మారింది. ఎవరు తప్పు చేసినా పక్కకి పిలుస్తుంది, ఆ దుప్పటి చేతిలో పెడుతుంది, "ఇదిగో ఇక్కడ" అని వేలుతో చూపిస్తుంది, ఎలా చెయ్యాలో తను చేసి చూపిస్తుంది. మెల్లిగా, చెవికి దగ్గరగా. వాళ్ళు గోరంత తగ్గుతారు, తలూపి వెళ్తారు, ఆ తప్పు మళ్ళీ చెయ్యరు. దర్జీకి మళ్ళీ పని దొరికింది. కడ్డీకి ఇక ఎవరూ పీలిక కట్టలేదు.

అక్కాచెల్లెళ్ళ మధ్య మాత్రం మాటల్లేవు. ఒకరోజు డ్యూటీ దిగే వేళ, అందరూ వెళ్ళిపోతుండగా, చెల్లెలు బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ అంది.

"ముడి రోజూ విప్పింది నువ్వేనా?"

"నేనే."

"ఊడ్చే ఆవిణ్ణి తిట్టుకున్నా ఇన్నాళ్ళూ."

అక్క బల్ల మీది గలేబులు సర్దింది.

"ఆ పూట అన్నం దగ్గర అడిగాను గదా. అప్పుడు చెప్పుంటే ఏమయ్యేది? గోరంత తగ్గేదాన్ని. పోనీ వేలెడు. పెడలు మీద చెక్కముక్క కట్టుకునేదాన్ని కదక్కా. ఆ ముసలాయన కూడా అన్నాడు, చెక్క కట్టుకో పిల్లా, చాలామంది అలాగే నడుపుతారు అని." గొంతు పెంచలేదు. అలసిపోయినట్టు అంది. "నాకు చెప్పాల్సింది నువ్వు చెప్పలేదు. నా మీద ప్రేమ అనుకున్నావు. నీకు భయం, అంతే."

అక్కకి ఆమె తప్పు మొహాన చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు. అత్త కూడా ఏం చెయ్యాలో చెప్పిందే గానీ, నీది తప్పు అనలేదు. మేనేజరు చెప్పినవి ఆమెవి కావు. ఇది ఆమెదే.

కోటు చేతులు మెల్లిగా జారి వేళ్ళ మీదికి వచ్చాయి. ప్యాంటు అంచు చెప్పుల మీద పడింది. అక్క చూసుకుంది. "నిజమే" అంది. కోటు చేతులు పైకి మడుచుకుంది.

"అమ్మ నిజంగా ఏడ్చేదా?" అని అడిగింది చెల్లెలు.

"ఏడ్చేది."

"ఊ" అంది చెల్లెలు. బల్ల కిందున్న గుడ్డసంచి వైపు చూసింది. "నన్ను అందులో పెట్టుకో. బయట జనం ఉన్నారు."

అక్క సంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, గలేబుల అడుగున పెట్టేసింది. వంగి చెల్లెల్ని చంకనెత్తుకుంది. లైట్లు ఆపి, తలుపు వేసి, రోడ్డు మీదికి వచ్చింది. ఇంకా వెలుగుంది, దుకాణాల ముందు జనం ఉన్నారు. దుప్పట్ల వ్యాను పక్కనుంచి వెళ్ళింది, కిటికీ అద్దం దించి ఉంది. చెల్లెలు మొహం అక్క భుజంలో దాచుకుంది. అక్క ప్యాంటు అంచు దుమ్ములో ఈడుస్తోంది.

దర్జీ కొట్టు ముందుకి వచ్చాక అతను మిషను ఆపి చూశాడు. మామూలుగా ఏమీ అడగడు కదా, ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాడు. "నీకు కూడానా అమ్మా? రా, అంచు మడిచి కుడతా" అన్నాడు.

అక్క చెల్లెల్ని అతని బల్ల మీద కూర్చోబెట్టింది.

"ముందు దీనికి తీసుకో కొలత" అంది. "తర్వాత నాకు."